ఊపిరి బిగబట్టిన పేరంటాలు

సర్దుకుని పడుకో. ముందు ఆ కాలు నా పొట్ట మీద నుంచి తీయి. మీ అమ్మ కసిరిందని అన్నం మీద అలిగావు, ఇప్పుడు నిద్ర మీద కూడా అలుగుతావా? కథ చెబుతాను, ఊఁ కొట్టు. ఊఁ కొట్టకపోతే నేనే నిద్రపోతాను, ఆ తర్వాత నీ ఇష్టం.

అనగనగా కాలవ గట్టున ఒక ఊరు. ఆ ఊళ్ళో ప్రతి ఇంట్లోనూ పొయ్యి మీద ఒక కుండ బోర్లించి ఉంటుంది. ఎందుకనుకున్నావు? పూతరేకులు తీయడానికి. బియ్యం నానేసి, మెత్తగా రుబ్బి, పాలలాగా పల్చన చేస్తారు. అందులో తెల్లటి గుడ్డ ముంచి, కాలిన కుండ మీద ఒక్కసారి అలా లాగుతారు. గుడ్డ ఇటు దాటేసరికి అటు రేకు తేలిపోతుంది. దాన్ని రెండు చేతులతోనూ మెల్లగా పైకి తీయాలి.

తీసేటప్పుడు మాత్రం ఊపిరి బిగబట్టాలి. ముక్కులోంచి కాస్త గాలి తగిలినా రేకు లేచిపోయి గోడకి అంటుకుంటుంది. అందుకని ఆ ఊళ్ళో పిల్లలకి నడక రాగానే మొట్టమొదట నేర్పే ముక్క ఇదే. కుండ దగ్గరికొస్తే ఊపిరి తీయకూడదు.

ఆ ఊళ్ళో పేరంటాలు అని ఒకావిడ ఉండేది. ఆవిడ తీసిన రేకుకి అవతల దీపం పెడితే ఇవతల నుంచి ఒత్తి కనిపించేది. అంత పల్చన. పెళ్ళి కుదిరితే చాలు, ముహూర్తం కంటే ముందు పేరంటాలు రేకులే ఖాయం చేసుకునేవారు.

కుండ ముందు కూర్చుందంటే పేరంటాలంత నిమ్మళమైన మనిషి ఇంకొకరు లేరు. కుండ ముందు నుంచి లేచిందా, ఇక ఆ గొంతు కాలవ అవతలి ఒడ్డుకి కూడా వినబడేది.

అరవక ఏం చేస్తుంది చెప్పు? మొగుడు కొబ్బరికాయల పడవ మీద వెళ్తే మళ్ళీ ఎప్పుడొస్తాడో ఆ కాలవకే తెలియాలి. అత్తగారు మాణిక్యమ్మకి మోకాళ్ళ నొప్పులు. కూర్చుంటే లేవలేదు, లేస్తే కూర్చోలేదు, రెండిటికీ పేరంటాలే చెయ్యి అందించాలి. పెద్దాడు తాతబ్బాయికి బడివేళకి చొక్కా దొరకదు. రెండోవాడు నూకరాజుకి దొరుకుతుంది, కానీ అది తాతబ్బాయి చొక్కా. ఇక గేదె సరిగ్గా పాలు పితికేటప్పుడే తన్నుతుంది. పాలు చూస్తున్నంతసేపూ కాగవు, తల తిప్పితే పొంగిపోతాయి. నిమ్మళంగా ఉండమ్మా, నిమ్మళంగా ఉండమ్మా అని ఊరంతా చెబుతారు. ఆ నిమ్మళానికి కావలసిన తీరిక మాత్రం ఒక్కరూ ఇవ్వరు. నాకు చెబుతుంటేనే ఒళ్ళు మండుతోంది.

మగపిల్లలిద్దరూ ఆ అరుపులకి చలించేవారు కాదు. తాటాకు చప్పుళ్ళకి కుందేళ్ళు బెదురుతాయా? ఈ చెవిన విని ఆ చెవిన వదిలేసి, గోలీలాటకి పోయేవారు. కానీ వాళ్ళ తర్వాత ఒక ఆడపిల్ల ఉండేది. పేరు అమ్మాజీ. నీ అంత ఉంటుంది. నీ అంత మొండిది మాత్రం కాదులే.

ఆ పిల్ల వాళ్ళమ్మ గొంతు లేచినప్పుడల్లా గాదె వెనక్కి వెళ్ళి నిలబడేది. మొదట్లో పేరంటాలు పట్టించుకోలేదు. పిల్ల అల్లరి చేయడం లేదు, అదే పదివేలు అనుకుంది.

ఒకరోజు మాణిక్యమ్మకి మందునూనె కావాల్సి వచ్చి పేరంటాలు గాదె పక్కనుంచి వెళ్తోంది. అప్పుడు వెనక నుంచి చిన్న గొంతు వినిపించింది. తొంగి చూస్తే అమ్మాజీ. ఒళ్ళో గుడ్డపీలికల బొమ్మ. బొమ్మ నోటి మీద చెయ్యి పెట్టి దానితో రహస్యం చెబుతోంది.

"అమ్మొస్తోంది. ఊపిరి తీయకు."

పేరంటాలు కాళ్ళు అక్కడే ఆగిపోయాయి. తొమ్మిది నెలలు మోసి కన్న పిల్ల తనని కాలే కుండని చూసినట్టు చూస్తోంది. అప్పుడు గుర్తొచ్చింది ఆవిడకి, అమ్మాజీ ఒళ్ళోకి వచ్చి చాన్నాళ్ళయిందని. మోకాలు గీరుకుపోయినా చెప్పలేదు, పన్ను కదిలినా చెప్పలేదు. దేవుడా, ఈ పిల్ల నా దగ్గరికి మళ్ళీ రాకపోతే ఎలాగ, అని ఆవిడకి గుండెల్లో రాయి పడింది.

ఆ తర్వాత పేరంటాలు నూనె కోసం వైద్యుడు ఆచార్లుగారి దగ్గరికి వెళ్ళింది. నూనె తీసుకుని, తలొంచుకుని అడిగింది.

"ఆచార్లుగారూ, కోపం తగ్గడానికి మందేమైనా ఉందాండి?"

ఆచార్లుగారు మంచి వైద్యుడే. కానీ ఆయన మాటకీ మాటకీ మధ్య ముక్కుపొడుం పీల్చేవాడు. డబ్బీ తీయడం, మూత తట్టడం, చిటికెడు తీయడం, ఆ చిటికెడుని ఓసారి చూడడం. ఈలోగా జబ్బు దానంతటదే నయమైపోయేది. ఆయన హస్తవాసి అంతా ఇదేనని గిట్టనివాళ్ళు అనేవారు.

"దానికి మందెందుకు పేరంటాలూ," అన్నాడాయన. "ఊపిరి ఉందిగా. కోపం వచ్చినప్పుడు నోరు మూసుకుని, ముక్కుతో నిండా గాలి పీల్చు. పీల్చి..."

అని డబ్బీ తీశాడు. మూత తట్టాడు. పేరంటాలు ఒంటికాలి మీద నిలబడింది. ఇంటి దగ్గర పొయ్యి మీద పప్పు, దూడ కట్టు ఊడదీసే నూకరాజు, లేవలేక కూర్చున్న అత్తగారు, అందరూ కళ్ళముందు కనబడ్డారు. అప్పుడు ఆవిడ, ఓసింతేనా, పీల్చి బిగబట్టడమేగా, ఇది నాకు పుట్టుకతో వచ్చిన విద్యే కదా అనుకుంది. దణ్ణం పెట్టి పరుగెత్తుకొచ్చేసింది. ఆచార్లుగారు పొడుం పీల్చి, తుమ్మి, కళ్ళు తుడుచుకుని చూసేసరికి ఎదురుగా ఎవరూ లేరు.

అక్కడ మొదలైంది తంటా.

మొదటిరోజు పొద్దున పేరంటాలు పోపు పెడుతోంది. ఎండుమిరపకాయలు నూనెలో వేసింది. సరిగ్గా అప్పుడే తాతబ్బాయి వచ్చి, పలక విరిగిందన్నాడు. ఎలా విరిగిందిరా అంటే, నూకరాజు తల గట్టిదన్నాడు. పేరంటాలుకి కోపం తన్నుకొచ్చింది. ఆచార్లుగారి మాట గుర్తొచ్చింది. నోరు మూసుకుని ముక్కుతో నిండా పీల్చింది.

ఏం పీల్చింది? మిరపకాయల ఘాటు పీల్చింది. ఇంకేముంది, దగ్గు, తుమ్ములు, కళ్ళమ్మట నీళ్ళు. పోపు మాడి బొగ్గయింది. పిల్లలిద్దరూ పడీపడీ నవ్వారు. దాంతో పోపుకీ పలకకీ నవ్వుకీ కలిపి ఒక్కటే అరుపు అరిచింది. గాదె వెనక నుంచి బొమ్మ పట్టుకున్న చెయ్యి ఒకటి లోపలికి పోయింది.

రెండోరోజు సాయంత్రం. నానేసిన బియ్యం రుబ్బి, పిండిపాలు గిన్నెలో పెట్టింది. నూకరాజు దాన్ని మజ్జిగనుకుని గేదె కుడితిలో పోశాడు. చేసిందే కాక, "గేదె తాగేసిందమ్మా, బాగుందంట," అన్నాడు.

అప్పుడు పేరంటాలు పొయ్యికి దూరంగా జరిగి మరీ పీల్చింది. పీల్చి బిగబట్టింది. ముఖం ఎర్రబడింది. ఆ తర్వాత కందిపోయింది. ఆ తర్వాత కళ్ళు ఉబ్బి బయటికొచ్చాయి. బుగ్గలు బూరెల్లా పొంగాయి. అయినా బిగబట్టింది, ఎంతైనా పనిమంతురాలు కదా.

మాణిక్యమ్మ అరుగు మీద నుంచి చూసి కెవ్వుమంది. "ఓరి నాయనోయ్! కోడలికి గాలి సోకిందర్రోయ్!" అంది. మోకాళ్ళ నొప్పులన్న మనిషి చెంగున లేచి, వేపమండ విరుచుకొచ్చి, కోడలి నెత్తిన రపరపా కొట్టింది. గోరుచుట్టు మీద రోకలిపోటంటే అదే. ఆ దెబ్బకి బిగబట్టినదంతా ఒక్కసారిగా బయటికి వచ్చేసింది. అత్తగారిని అంది, పిల్లల్ని అంది, గేదెని అంది, పడవెక్కి పోయిన మొగుణ్ణి అంది. మామూలుగా అరిచే అరుపుకి రెండింతలు అరిచింది. కొండనాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడినట్టయింది పాపం.

రాత్రి కంచం ముందు అమ్మాజీ తల ఎత్తలేదు. పేరంటాలు ముద్ద కలిపి, "దా తల్లీ," అంది. అమ్మాజీ ఆ ముద్ద చేత్తో అందుకుని, దూరంగా వెళ్ళి తింది. పేరంటాలు మిగిలిన అన్నం తినలేకపోయింది. ఇంత ఊపిరి పీలుస్తున్నాను, ఎక్కడికి పోతోంది ఇదంతా, అని తనమీద తనకే విసుగొచ్చింది.

ఊఁ అను. నిద్రపోయావేమో అనుకున్నాను. వింటున్నావా? సరే.

మూడోరోజు పెళ్ళివారి రేకులు తీసే రోజు. మర్నాడు తెల్లారితే ముహూర్తం. పేరంటాలు తలుపులు బిగించి, ఎండుకొబ్బరాకు మంట పెట్టి, కుండ ముందు కూర్చుంది. గుడ్డ ముంచడం, లాగడం, ఊపిరి బిగబట్టడం, రేకు తీయడం. మధ్యాహ్నానికి పక్కన పెద్ద దొంతర లేచింది.

అప్పుడు మాణిక్యమ్మ పిలిచింది. "పేరంటాలూ, నన్ను కాస్త లేపవే," అని. పేరంటాలు పళ్ళు బిగించుకుని లేచి వెళ్ళింది. లేపింది. లేపాక, "ఇంక కూర్చోబెట్టు," అంది ఆవిడ. కూర్చోబెట్టింది. "నీళ్ళియ్యి," అంది. ఇచ్చింది. "ఇవి చల్లగా ఉన్నాయే," అంది. తిట్లన్నీ గొంతులో క్యూ కట్టి నిలబడ్డాయి. అన్నిటినీ లోపలికే పీల్చుకుని పేరంటాలు వెనక్కి వచ్చింది.

వచ్చేసరికి కుండ ముందు అమ్మాజీ నిలబడి ఉంది.

కుండ మీద ఒక రేకు వంకరగా అంటుకుని మాడుతోంది. పిండిపాలు నేలంతా చిందాయి. అమ్మాజీ చేతులు రెండూ వీపు వెనక దాచుకుంది. నోరు గట్టిగా మూసుకుంది. బుగ్గలు పొంగి ఉన్నాయి, ముఖం ఎర్రగా కందిపోయింది, కళ్ళల్లోంచి నీళ్ళు ధారగా కారుతున్నాయి. కానీ చప్పుడు లేదు. కిక్కురుమనలేదు.

పేరంటాలు ఒక్క అంగలో ముందుకొచ్చింది. బుద్ధుందా, కళ్ళు కనబడుతున్నాయా, అనబోయి నిండా పీల్చింది. తిట్టు నాలుక చివరిదాకా వచ్చేసింది.

అప్పుడు అమ్మాజీ పెదవులు కదిపీ కదపకుండా అంది.

"నేను ఊపిరి తీయట్లేదమ్మా. నీ రేకులు ఎగరవు. తిట్టకమ్మా. తొందరగా అయిపోతే నువ్వు అరవవని ఒకటి తీద్దామనుకున్నా."

పేరంటాలు పిల్ల చెయ్యి పట్టి ముందుకి లాగింది. వేళ్ళ కొసలు నాలుగూ కాలి ఎర్రగా పొంగుతున్నాయి.

పసిపిల్ల, చెయ్యి కాలితే ఏడవకుండా ఊపిరి బిగబట్టి నిలబడింది. అచ్చం నిన్న తను నిలబడ్డట్టే. ఎవరి దగ్గర నేర్చుకుందో ఇంకొకరు చెప్పాలా?

అప్పుడు ఆవిడ పిల్లని పక్కనున్న నీళ్ళ బిందె దగ్గరికి ఎత్తుకెళ్ళి, ఆ చెయ్యి నీళ్ళల్లో ముంచింది. ముంచి, ముంచి, పైకి తీసి, ఆ వేళ్ళ మీద ఊదింది.

ఉఫ్.

లోపల దాచుకున్నదంతా అందులో పోయింది. మళ్ళీ పీల్చింది, మళ్ళీ మెల్లగా ఊదింది. ఉఫ్. తిట్లు ఎక్కడికి పోయాయో పోయాయి. ఉఫ్ అని ఊదుతూ తిట్టడం ఎవరి తరం? కావాలంటే నువ్వు చూడు. ఊఁ, చూడు. రావడం లేదు కదూ!

ఆ గాలికి పక్కనున్న దొంతరలోంచి రేకులు లేచాయి. ఒకటి దూలం మీద వాలింది, ఒకటి ఉట్టి మీద వాలింది, మిగతావి గదంతా తిరుగుతున్నాయి. అమ్మాజీ బెదిరిపోయి, "అమ్మా, రేకులు! ఊదకు!" అంది.

"పోనీవే. వాటి మొహం," అంది పేరంటాలు. "నువ్వు ఊపిరి విడు తల్లీ. ఏడు. గట్టిగా ఏడు."

అమ్మాజీ నమ్మలేదు. అమ్మ ముఖంలోకి చూసింది. అమ్మ మళ్ళీ ఉఫ్ అంది. అప్పుడు ఆ పిల్ల కూడా బుగ్గల్లో గాలి వదిలింది. వదిలి, ఇల్లెగిరిపోయేలా ఏడ్చింది. అమ్మ మెడ పట్టుకుని, అమ్మ భుజమంతా తడిపేసి ఏడ్చింది. పిల్ల ఏడుపు వింటే ఏ తల్లికైనా కడుపు తరుక్కుపోతుంది. పేరంటాలుకి మాత్రం ఆ ఏడుపు విని ప్రాణం లేచొచ్చింది.

ఆ తర్వాత పిల్లని చంకనేసుకుని ఆచార్లుగారి దగ్గరికి వెళ్ళింది. ఆయన కలబంద గుజ్జు రాశాడు. రాసి, చెయ్యి తుడుచుకుంటూ, "ఆవేళ మాట పూర్తికాకుండానే పోయావు పేరంటాలూ. గాలి నిండా పీల్చు, పీల్చి..." అన్నాడు.

అని డబ్బీ తీశాడు. మూత తట్టాడు. ఈసారి పేరంటాలు కదలలేదు. ఆయన చిటికెడు తీశాడు. దాన్ని చూశాడు. పీల్చాడు. తుమ్మాడు. మళ్ళీ తుమ్మాడు.

"పీల్చి, మెల్లగా విడిచిపెట్టు. పీల్చినదానికి రెట్టింపు సేపు విడవాలి. మందంతా విడవడంలోనే ఉంది."

ఆ ముక్క ముందే చెప్పి ఏడవచ్చు కదయ్యా, ఇంట్లో దెయ్యం వదిలించుకునేదాకా వచ్చింది, అని పేరంటాలుకి అరికాలి మంట నెత్తికెక్కింది. పీల్చింది. ఉఫ్. మెల్లగా విడిచింది. దణ్ణం పెట్టి ఇంటికొచ్చింది.

పెళ్ళిలో విరిగిన రేకులే చుట్టి పెట్టారు. ఎవరూ ఏమీ అనలేదు. నోట్లో వేసుకున్నాక ఏ రేకైనా ముక్కలే కదా.

మరి ఆ తర్వాత పేరంటాలు అరవడం మానేసిందా అని అడగబోతున్నావు, నాకు తెలుసు. మానేయలేదు. నూకరాజులాంటి కొడుకుండగా ఎలా మానేస్తుంది? గేదె తన్నడం మానలేదు, పాలు పొంగడం మానలేదు, మాణిక్యమ్మ లేపమనడం, కూర్చోబెట్టమనడం మానలేదు. కానీ ఇప్పుడు ప్రతి అరుపుకీ ముందు ఒక ఉఫ్ వచ్చేది. ఒక్కోసారి ఆ ఉఫ్‌లోనే అరుపు కరిగిపోయేది. ఒక్కోసారి కరిగేది కాదు. ఆవిడా మనిషే, చలివేంద్రంలో కుండ కాదు, ఎప్పుడూ చల్లగానే ఉండడానికి.

కొన్నాళ్ళకి ఒక మధ్యాహ్నం పేరంటాలు పెరట్లో గుడ్డలు ఉతుకుతోంది. లోపల ఏదో ధబ్బున పడి పగిలిన చప్పుడైంది. ఆవిడ చెయ్యి గుడ్డ మీదే ఆగిపోయింది. గాదె వెనక్కి అడుగులు వినబడతాయని చెవులు రిక్కించింది.

అడుగులు గాదె వైపు వెళ్ళలేదు. పెరటి వైపు వచ్చాయి. పరుగెత్తుకుంటూ వచ్చాయి.

"అమ్మా! నెయ్యి జాడీ పగలగొట్టేశాను!" అంది అమ్మాజీ. గౌను నిండా నెయ్యి.

అదేమో పండక్కి దాచిన నెయ్యి. పేరంటాలు ముఖం ఎర్రబడింది. పీల్చింది. ఉఫ్. చాలలేదు. మళ్ళీ పీల్చింది. ఉఫ్. అప్పటికీ చాలలేదు. మూడోసారి, చేతిలో గుడ్డ గట్టిగా పిండి మరీ విడిచింది. ఉఫ్.

అప్పుడు అడిగింది, "కాలికి పెంకు గుచ్చుకుందా?"

"లేదు," అంది అమ్మాజీ. అమ్మ ముఖంలోకి పరీక్షగా చూసింది. "నువ్వు ఇంకా ఎర్రగానే ఉన్నావు. ఇంకోటి ఊదు, ఈలోగా నేను ఒళ్ళో కూర్చుంటా."

నెయ్యి గౌనుతోనే వచ్చి ఒళ్ళో కూర్చుంది. పేరంటాలు ఉతికి కట్టుకున్న చీరకి నెయ్యంతా అంటుకుంది. ఆవిడ ఇంకోటి ఊదలేదు. అవసరం లేకపోయింది.

మంట మీద ఉఫ్ ఉఫ్,
మాట మీద ఉఫ్ ఉఫ్,
కోపమేమో ఏటికి,
కునుకు వచ్చె కంటికి,
కథ నడిచె కంచికి,
మనం మన ఇంటికి!